నర్సులను తీసుకెళ్లే దేశాలు వాళ్ల చదువు ఖర్చు కూడా కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

జనాభా గురించి పత్రికల్లో రెండే రకాల వార్తలు చూస్తున్నాను. జనం పెరిగిపోతున్నారు, భూమి మోయలేదు అని ఒకటి. పిల్లల్ని కనడం తగ్గిపోయింది, దేశాలు ముసలివైపోతున్నాయి అని ఇంకొకటి. రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు చోట్ల. దక్షిణ కొరియాలో 2023లో ఒక్కో మహిళకు సగటున 0.72 మంది పిల్లలు, అంటే ఒక్కరు కూడా లెక్కకి రారు. జపాన్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవాళ్లే. అదే నైజర్‌లో సగం మందికి పదహారేళ్లు కూడా నిండలేదు. ఈ రెండు రకాల దేశాల మధ్య జరుగుతున్న వలసల్లో ప్రాణాలతో నేరుగా ముడిపడింది నర్సుల వలస. వీసా వార్తల్లో తప్ప దాని ఊసే ఎక్కడా కనబడదు.

ముసలివాళ్లు పెరిగిన దేశానికి ముందు కావలసింది నర్సు. మంచం పట్టిన మనిషిని కొన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపంతా పుండ్లు పడతాయి, మందులు వేళకి వేయాలి, తిన్నారో లేదో చూసుకోవాలి. ఇదంతా చేయడానికి ఇంట్లో పిల్లలు లేరు, ఉన్నా దూరంగా ఉన్నారు. అందుకని ధనిక దేశాలు మంచి జీతాలు చూపించి ఫిలిప్పీన్స్, ఘనా, నైజీరియా, జింబాబ్వే లాంటి దేశాల నుంచి నర్సులను రప్పించుకుంటున్నాయి.

వెళ్లేవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. చాలీచాలని జీతంతో, ఒక్కరే వార్డంతా చూసుకుంటూ ఎన్నాళ్లుంటారు? వాళ్లని ఆపడానికి బాండ్లు రాయించుకోవడం, సర్టిఫికెట్లు తొక్కిపెట్టడం లాంటివి శుద్ధ అన్యాయం. కానీ వెళ్తున్నది ఎవరో చూడండి, ఎక్కువగా పనిలో చెయ్యి తిరిగినవాళ్లే. పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఉన్నది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో బిడ్డను తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి అందకపోతే మాస్కు పెట్టి గాలి పంపాలి, కంగారు పడకూడదు. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు, పక్కన నిలబడి చేయించే సీనియర్ ఉండాలి. అలాంటి ఒక్కావిడ వెళ్లిపోతే ఆమె చేసే పనితో పాటు ఆ వార్డుకి వచ్చే కొత్తమ్మాయిలకి నేర్పే మనిషి కూడా పోయినట్టే.

అది వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2014లో ఎబోలా విరుచుకుపడినప్పుడు లైబీరియాలో నలభై లక్షల పైచిలుకు జనానికి డాక్టర్లు యాభై మందికి అటూ ఇటుగా ఉన్నారు. ఉన్న కొద్దిమంది డాక్టర్లు, నర్సులు, ప్రసవాలు చేసే సిబ్బందిలో కూడా దాదాపు ఎనిమిది శాతం మందిని ఆ జబ్బు పొట్టన పెట్టుకుంది. అక్కడితో ఆగలేదు, విమానమెక్కి అమెరికాలోని డాలస్ దాకా పోయి, రోగిని చూసుకున్న ఇద్దరు నర్సులకి అంటుకుంది. కొత్త జబ్బును ముందుగా పసిగట్టగలిగేది ఎక్కడో చిన్న ఆరోగ్య కేంద్రంలో ఉండే నర్సే, ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఆ సంగతి ప్రపంచానికి తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే వైద్య సిబ్బంది నియామకాలపై ఒక నియమావళి తెచ్చింది. 2023లో సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న 55 దేశాల జాబితా ఇచ్చింది, అందులో 37 ఆఫ్రికా ప్రాంతానివే. ఆ దేశాలకి వెళ్లి పనిగట్టుకుని మనుషుల్ని ఏరుకోవద్దని దాని అర్థం, ఎవరైనా తమంతట తాము దరఖాస్తు పెట్టుకుంటే అడ్డు లేదు. అసలు చిక్కేమిటంటే ఈ నియమావళి పాటించాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టం. పాటించకపోయినా అడిగేవాడు లేడు.

నా ఉద్దేశంలో దీన్ని కచ్చితం చేయాలి. బయటి నుంచి ఒక నర్సును తీసుకున్న దేశం, ఆమె స్థానంలో కనీసం ఇద్దరిని తయారుచేయడానికి అయ్యే ఖర్చు ఆమెను చదివించిన దేశానికి కట్టాలి. ఆ డబ్బు నర్సింగ్ కాలేజీలకి, టీచర్లకి, ఉన్నవాళ్ల జీతాలకి పోవాలి. దయతో ఇచ్చే విరాళం అనకండి, అది బాకీ. అలాగే రప్పించుకున్న మనుషుల ఆరోగ్యం పట్టించుకోవడం కూడా ఒప్పందంలో ఉండాలి, నర్సులే కాదు, కూలి పనికి వచ్చినవాళ్లయినా సరే. 2020లో సింగపూర్‌లో కిక్కిరిసిన హాస్టళ్లలో ఉన్న వలస కార్మికుల్లో సగానికి దగ్గరగా కోవిడ్ బారిన పడ్డారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది.

మీ పత్రికను కోరేది ఒక్కటే. విదేశాల్లో ఇన్ని వేల నర్సు ఉద్యోగాలు అని వార్త వేసినప్పుడు, నర్సులను పంపే దేశానికి శిక్షణ కోసం ఎంత ఇస్తున్నారో, అసలు ఇస్తున్నారో లేదో కనుక్కుని ఆ పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు