కెప్టెన్ సాఠేతో పాటు ఆ రెండో పేరు కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 7 దగ్గర పడగానే వాట్సాప్‌లో ఒక పాత మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. 2020లో కేరళలోని కోజికోడ్‌లో కూలిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కెప్టెన్ దీపక్ వసంత్ సాఠే గారి గురించి. చక్రాలు బయటికి రాకపోతే ఆయన మూడు చుట్లు తిప్పి ఇంధనం ఖర్చు చేశారని, మంటలు రాకుండా ఇంజన్ ఆపేసి, తన ప్రాణం ఇచ్చి అందరినీ కాపాడారని అందులో ఉంటుంది. పంపేవాళ్లు భక్తితోనే పంపుతారు, ఆ భక్తిని నేను తప్పు పట్టను. కానీ అందులో ఉన్నది జరిగింది కాదు. చక్రాలు బాగానే ఉన్నాయి. వేరే ఊరికి మళ్లించడానికి సరిపడా ఇంధనం కూడా ఉంది. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2021 సెప్టెంబర్‌లో నివేదిక బయటపెట్టినా, మెసేజ్ తిరిగినంతగా ఆ నివేదిక తిరగలేదు. అందుకే ఈ ఉత్తరం, ఆ రాత్రి పక్క సీట్లో ఉన్న కో పైలట్ అఖిలేశ్ కుమార్ పేరు కూడా గుర్తు చేయడానికి.

సాఠే గారు గొప్ప పైలట్, ఇందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. మన హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి 1981లో ఉత్తమ క్యాడెట్‌కు ఇచ్చే స్వోర్డ్ ఆఫ్ ఆనర్ తీసుకుని బయటికొచ్చిన మనిషి. వైమానిక దళంలో వింగ్ కమాండర్, ఆ తర్వాత విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్‌లో టెస్ట్ పైలట్. పది వేల గంటలకు పైగా విమానం నడిపారు. కరోనా రోజుల్లో గల్ఫ్‌లో ఇరుక్కుపోయిన మనవాళ్లను వందే భారత్ పేరుతో ప్రభుత్వం నడిపిన విమానాల్లో తెచ్చిన వాళ్లలో ఆయన ఒకరు. మా నిజామాబాద్, జగిత్యాల వైపు దాదాపు ప్రతి వాడలోనూ దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పనిచేసేవాళ్లు ఉంటారు కాబట్టి, ఆ రోజుల్లో ఆ విమానాల కోసం ఇళ్లలో ఎంత ఎదురుచూశారో మాకు తెలుసు.

ఆ రాత్రి ఏం జరిగిందో నివేదికలో వివరంగా ఉంది. భారీ వాన. మొదటి ప్రయత్నంలో కెప్టెన్ వైపు వైపర్ కాసేపు తిరిగి ఆగిపోయింది, ఆయన దిగకుండా మళ్లీ పైకి లేపారు, అది సరైన పనే. రెండోసారి రన్‌వే రెండో వైపు నుంచి, వెనక నుంచి గాలి నెడుతుండగా దిగబోయారు. 8,858 అడుగుల రన్‌వేలో దాదాపు 4,438 అడుగులు దాటాక గానీ చక్రాలు నేలను తాకలేదు, అంటే సగం రన్‌వే గాల్లోనే అయిపోయింది. అది కొండ మీద చదును చేసి కట్టిన టేబుల్‌టాప్ రన్‌వే. విమానం చివర దాటి లోయలోకి పడి ముక్కలైంది. విమానంలో ఉన్నది 190 మంది, పోయింది 21 మంది, ఇద్దరు పైలట్లతో కలిపి. పక్కనున్న కొండోట్టి జనం కరోనా భయం కూడా లెక్కచేయకుండా వానలో పరుగెత్తుకొచ్చి మనుషుల్ని బయటికి లాగారు. అర్ధరాత్రి రక్తం ఇవ్వడానికి లైన్లు కట్టారు.

నేను చెప్పదలుచుకున్నది ఆ కాక్‌పిట్‌లో పక్క సీట్లో కూర్చున్న మనిషి గురించి. ఆయన పేరు అఖిలేశ్ కుమార్, కో పైలట్, వయసు ముప్పై రెండు. విమానం రన్‌వే మీద ముందుకు జారిపోతూ ఇంకా దిగలేదని గమనించి ముందు మెల్లగా హెచ్చరించాడు, తర్వాత ‘గో అరౌండ్’ అన్నాడు. అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేపమని. ఆ మాట వినపడితే కెప్టెన్ ఎవరైనా సరే లేపి తీరాలి, అది నియమం. లేపలేదు. ఆ క్షణంలో కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకుని తనే లేపాల్సిన బాధ్యత కో పైలట్‌కీ ఉంది, అదీ జరగలేదు. నివేదిక ఈ రెండింటినీ కలిపే కారణంగా రాసింది. అక్కడ తగినంత మంది కెప్టెన్లు లేరని, మర్నాడు ఉదయం సాఠే గారు ఇంకో విమానం నడపాల్సి ఉందని, ఎలాగైనా అక్కడే దిగాలన్న ఒత్తిడి ఉండి ఉంటుందని కూడా అందులో ఉంది. అది కంపెనీ చేసిన పని, ఆ వాక్యాన్ని ఎవరూ దాచకూడదు.

ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న వింగ్ కమాండర్ పక్కన కూర్చుని ‘సర్, మీరు చేస్తున్నది తప్పు, నేను తీసుకుంటున్నా’ అనడం ఎంత కష్టమో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో, బడిలో, ఆఫీసులో విని పెరిగినవాళ్లం. అలాగని ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. 1977లో టెనెరిఫే ద్వీపంలో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్ఎం కెప్టెన్ ఆ కంపెనీలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద, ప్రకటనల్లో కనిపించిన ముఖం. ఎదుటి విమానం రన్‌వే మీద నుంచి తప్పుకోలేదేమోనని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ అన్నాక ఇక ఎవరూ అడగలేదు. పేరు ఎంత పెద్దదైతే పక్కవాడి గొంతు అంత చిన్నదవుతుంది. 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదంలో కూడా, అదే కంపెనీ, అదే టేబుల్‌టాప్, కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. పదేళ్ల తర్వాత కోజికోడ్‌లో మళ్లీ అదే మాట, మళ్లీ అదే ఫలితం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అమెరికాలో ఆల్ హేన్స్ అనే కెప్టెన్ ఉండేవారు. 1989లో సూ సిటీ దగ్గర ఆయన నడుపుతున్న డీసీ-10 విమానం తోక ఇంజన్ పేలి, విమానాన్ని తిప్పడానికి వాడే హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి, అలాంటి విమానాన్ని దించడం దాదాపు అసాధ్యం. ప్రయాణికుడిగా వెళ్తున్న ఒక పైలట్ శిక్షకుణ్ని కాక్‌పిట్‌లోకి పిలిచి, ఇంజన్ల వేగం మార్చే థ్రాటిళ్లు ఆయనకు అప్పజెప్పి, అందరి మాటా వింటూ దించారు. 296 మందిలో 184 మంది బతికారు. 2019లో చనిపోయేదాకా ఆయన ఊరూరా తిరిగి చెప్పింది తన గొప్ప కాదు, తన సిబ్బంది గురించి.

సాఠే గారిని తిట్టమని కాదు నేను అనేది. చనిపోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేడు, ఆయన కుటుంబం ఉంది. అయితే లేని కథ అల్లి ఆయన్ను దేవుణ్ని చేస్తే, ఆ రాత్రి నుంచి నేర్చుకోవాల్సింది పోతుంది, అఖిలేశ్ అన్న మాట కూడా పోతుంది. ప్రయాణికులుగా మనకూ ఒక పని ఉంది. వానాకాలంలో శంషాబాద్‌లో దిగాల్సిన విమానాన్ని విజయవాడకో బెంగళూరుకో మళ్లిస్తే సిబ్బంది మీద అరిచేవాళ్లను నేను చూశాను. కెప్టెన్ మనసులో ‘దిగిపోతే గొడవ ఉండదు’ అన్న ఆలోచన పెరగడంలో ఆ అరుపులకూ వాటా ఉంది.

మీ పత్రికకు నా కోరిక ఇది. వచ్చే ఆగస్టు 7న సాఠే గారి ఫొటో వేస్తే పక్కన అఖిలేశ్ కుమార్ ఫొటో కూడా వేయండి. దర్యాప్తు నివేదిక ఏం చెప్పిందో తెలుగులో ఒక అర పేజీ రాయండి. అందులో చేసిన సిఫార్సుల్లో ఎన్ని అమలయ్యాయో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏని అడిగి, ఏ జవాబు వచ్చినా అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు, నిజామాబాద్