పీఏసీ అధ్యక్షుడు సరే, సిబ్బంది మాటేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ ఖర్చులపై ఆడిట్ అభ్యంతరాలను పరిశీలించే శాసనసభ ప్రజా పద్దుల కమిటీ, అదే పీఏసీ, పత్రికలకెక్కేది అధ్యక్ష పదవి ఎవరికన్న పేచీ వచ్చినప్పుడే. 2024 సెప్టెంబరులో తెలంగాణలో ఆ పదవి అరికెపూడి గాంధీకి ఇచ్చారు. గెలిచింది మా టికెట్‌పైనే అయినా కాంగ్రెస్‌లో చేరిపోయాడు, ఇంకా ప్రతిపక్షమెలా అవుతాడని బీఆర్‌ఎస్ మండిపడింది. రెండు నెలలకు ఆంధ్రప్రదేశ్ వంతు. ఇక్కడి కమిటీలో పన్నెండు మంది: తొమ్మిది మంది అసెంబ్లీ నుంచి, ముగ్గురు మండలి నుంచి. 175 మంది సభ నుంచి కమిటీకి ఒక్కరిని గెలిపించుకోవాలన్నా 18 ఓట్లు కావాలి. వైఎస్సార్‌సీపీకి ఉన్నవి 11. ఆ పార్టీ ఎన్నికను బహిష్కరించింది, అధ్యక్ష పదవి జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు దక్కింది. లోక్‌సభలో 1967 నుంచి ఈ పదవి ప్రతిపక్షానికే ఇస్తున్నారు. ఆ ఆనవాయితీ రాష్ట్రాల్లోనూ నిలవాలన్న దాంట్లో నాకు రెండో మాట లేదు.

అయితే ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని గనుక నాకు తట్టే ప్రశ్న వేరు. అధ్యక్షుడు ఏ పార్టీవాడైనా, ఆయన కోసం కాగితాలు చదివిపెట్టేది ఎవరు?

ఒక ఆడిట్ పేరా, అంటే ఆడిట్ నివేదికలోని ఒక అభ్యంతరం, ఉందనుకోండి. చెరువు కట్ట పని. ఎస్టిమేట్‌లో మట్టికి పది కిలోమీటర్ల లీడ్ (మట్టి తెచ్చే దూరం) వేశారు, మూడు కిలోమీటర్లలోనే మట్టి దొరుకుతుందని ఆడిట్ అభ్యంతరం. శాఖ వివరణ ఒక్క వాక్యం: ‘దగ్గరి మట్టి కట్టకు పనికిరాదని తేలినందున.’ నిజమో కాదో తేల్చాలంటే మట్టి పరీక్ష రిపోర్టు మీది తారీఖు చూడాలి, పని కొలతలు రాసే ఎం-బుక్ తిరగేయాలి, ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనుల ప్రామాణిక ధరల పట్టిక) రేట్లు పక్కన పెట్టుకోవాలి. పని మొదలైన నెలకు పరీక్ష చేయించారని బయటపడితే ఆ వివరణ ఇక నిలబడదు. కానీ ఆ తారీఖు అడగమని ఎమ్మెల్యేకు ముందురోజే ఎవరో చెప్పి ఉండాలి. పెళ్లిళ్లు, పరామర్శలు, సిఫారసు లెటర్ల మధ్య ఆయన ఎం-బుక్ ఏం చూస్తాడు? చెప్పేవాళ్లు లేకపోతే శాఖ కార్యదర్శి గారు ‘పరిశీలించి నివేదిక పంపుతాం సార్’ అని సెలవు తీసుకుంటారు. పేరా వాయిదా పడుతుంది.

రాష్ట్రంలో కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) తరఫున ఆడిట్ చూసే అకౌంటెంట్ జనరల్ ఉన్నారుగా అనవచ్చు. ఉన్నారు, కమిటీకి సాయపడతారు కూడా. కానీ కమిటీ తరఫున శాఖ వెంటపడి జవాబు రాబట్టడం ఆయన పని కాదు. శాసనసభకు సొంత సచివాలయ సిబ్బందిని రాజ్యాంగం 187వ అధికరణమే ఇచ్చింది. సమావేశాలు పెట్టడం, సాక్ష్యం రికార్డు చేయడం, నివేదిక రాయడం వాళ్లకు కొట్టిన పిండి. వర్క్స్ బిల్లు చదివి లొసుగు పట్టడం మాత్రం వేరే విద్య.

ఇంకో సంగతి జనానికి అసలు తెలియదు. సభ మంజూరు చేసినదానికి మించి ప్రభుత్వం ఖర్చు పెడితే 205వ అధికరణం కింద మళ్లీ సభ ఆమోదం తీసుకోవాలి. దానికి ముందు పీఏసీ చూడాలి. ఇలా క్రమబద్ధం కాని అధిక వ్యయం ఏళ్ల తరబడి పేరుకుపోయిందని రెండు రాష్ట్రాల కాగ్ నివేదికలూ పదేపదే రాస్తున్నాయి. ఆ బకాయి తీరాలంటే సంవత్సరాల వారీగా, గ్రాంటుల వారీగా కూర్చుని చూసే మనుషులు కావాలి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. కాగ్ కార్యాలయాల నుంచి డెప్యుటేషన్‌పై ముగ్గురు నలుగురు, పనుల బిల్లులు తెలిసిన ఒక ఇంజినీరు, వీళ్లందరూ పీఏసీకి మాత్రమే జవాబుదారీగా ఉండాలి. ఏ శాఖ ఎన్నాళ్లుగా వివరణ పంపలేదో నెలనెలా వెబ్‌సైట్‌లో పెడితే ఇంకా మంచిది.

2019కి ముందు ఇక్కడ పీఏసీ అధ్యక్షుడిగా ఉన్న బుగ్గన రాజేంద్రనాథ్ ఆ తర్వాత ఆర్థిక మంత్రి అయ్యారు. ఆయన మంత్రిగా ఉన్న కాలంలో పీఏసీ అధ్యక్షుడైన పయ్యావుల కేశవ్ ఇప్పుడు ఆర్థిక మంత్రి. కొత్త పోస్టులు మంజూరు కావాలంటే ఫైలు వెళ్లేది ఆ శాఖకే. ఈ ఇబ్బందులేమిటో కేశవ్ గారికి నేను వివరించనక్కర్లేదు. వచ్చే బడ్జెట్‌లోనైనా ఆ పోస్టులు కనబడతాయేమో చూస్తాను.

– ఒక రిటైర్డ్ ఆడిట్ ఉద్యోగి, ఏలూరు