టేబుల్ మార్చే రోజును తలచుకుని డేటాబేస్ ఎంచుకో

అమ్మలూ,

కొత్త ప్రాజెక్టుకు పోస్ట్‌గ్రెస్ మేలా, మైఎస్‌క్యూఎల్ మేలా అన్నావు. ఏది వేగమో చెప్పే పట్టికలు పక్కన పెట్టు. ఐదు మార్పులున్న మైగ్రేషన్ (టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే స్క్రిప్టు) మూడోదాని దగ్గర చచ్చిపోతే టేబుళ్లు ఏ స్థితిలో మిగులుతాయో ముందు చూడు.

పోస్ట్‌గ్రెస్‌లో బిగిన్, కమిట్ మధ్య, అంటే ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టిన ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చే ఆదేశం) కూడా రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే వెనక్కి పోతుంది. మొదటి రెండు మార్పులూ జరగనట్టే. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో ప్రతి డీడీఎల్ (ఆల్టర్ లాంటి నిర్మాణం మార్చే ఆదేశం) తనంతట తానే కమిట్ అయిపోతుంది, అంటే ఖాయమైపోతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో వచ్చిన 'అటామిక్ డీడీఎల్' పేరు చూసి మోసపోకు, అది ఒక్కో స్టేట్‌మెంట్ వరకే. అయిపోయిన రెండింటినీ నువ్వే చేత్తో వెనక్కి తీయాలి. అందుకే నా ఓటు పోస్ట్‌గ్రెస్‌కి.

రోల్‌బ్యాక్ ఉంది కదా అని ధీమా మాత్రం వద్దు. అసలు గండం లాకుల దగ్గర. ఆల్టర్ టేబుల్‌లో చాలా రకాలకు యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి, అంటే ఆ టేబుల్‌ను ఇంకెవరూ చదవనూ రాయనూ కుదరని తాళం. ఎవరో రిపోర్టు కోసం అరగంట సెలెక్ట్ నడుపుతుంటే ఆల్టర్ దాని వెనక ఆగుతుంది, తర్వాత వచ్చే మామూలు సెలెక్టులన్నీ ఆల్టర్ వెనక ఆగుతాయి. మార్పు మొదలే కాలేదు, సైటు మాత్రం పడిపోయింది. కాబట్టి మైగ్రేషన్ మొదటి వరుసలోనే లాక్ టైమవుట్ 2 సెకన్లకు పెట్టు. లాక్ దొరక్కపోతే ఫెయిల్ కానివ్వు, కాసేపాగి మళ్లీ నడుపు. మైఎస్‌క్యూఎల్‌లోనూ మెటాడేటా లాకుతో (టేబుల్ నిర్మాణంపై పడే తాళం) ఇదే గొడవ. అక్కడ ఎదురుచూసే గడువు డీఫాల్టుగా 3,15,36,000 సెకన్లు, అంటే అక్షరాలా ఏడాది!

స్థిరమైన డీఫాల్టుతో కాలమ్ చేర్చడం పోస్ట్‌గ్రెస్ 11 నుంచి లాక్ దొరికిన మరుక్షణమే అయిపోతుంది. నాట్ నల్ (కాలమ్ ఖాళీగా ఉండకూడదన్న నియమం) పెట్టాలంటే అదే షరతుతో చెక్ కన్‌స్ట్రెయింట్‌ను ముందు నాట్ వాలిడ్‌గా (పాత వరుసలను పరీక్షించకుండా) చేర్చి, వేరే ట్రాన్సాక్షన్‌లో వాలిడేట్ చేసి, ఆ తర్వాతే సెట్ నాట్ నల్ ఇవ్వు. వెర్షన్ 12 నుంచి ఆ చెక్‌ను నమ్మి టేబుల్‌ను మళ్లీ మొత్తం చదవదు.

పెద్ద టేబుల్‌కు ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) కంకరెంట్లీగానే, అంటే రాతలు ఆపకుండానే కట్టు. అది ట్రాన్సాక్షన్‌లో నడవదు, ఆ ఫైలును విడిగా ఉంచు. మధ్యలో పోతే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ మిగిలిపోతుంది: క్వెరీలకు పనికిరాదు, ఇన్సర్టులకు మాత్రం బరువు. డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి.

కాలమ్ పేరు మార్పు దగ్గర ఏ డేటాబేసూ నిన్ను కాపాడదు, పాత కోడ్ ఇంకా పాత పేరునే అడుగుతుంటుంది గనుక. కొత్త కాలమ్ చేర్చు, కోడ్ రెండింటిలోనూ రాయనీ, పాత వరుసలను కొన్ని వేల చొప్పున నింపు, చదవడం కొత్తదానికి మార్చు. పాతదాన్ని తర్వాతి రిలీజులో తీసెయ్.

మీ టీమ్ మైఎస్‌క్యూఎల్‌కే మొగ్గితే, ఫైలుకు ఒక్క మార్పే పెట్టండి. ఆల్టర్‌లో అల్గారిథమ్ ఇన్‌స్టంట్ అని స్పష్టంగా రాయండి. కుదరని మార్పైతే చడీచప్పుడు లేకుండా టేబుల్ కాపీకి దిగకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

నాన్న