వెన్నెలతో పాటు కూలీలనూ చూడండి

సంపాదకుడు గారికి,

ఆదివారం సంచికలో ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ నీటిరంగుల బొమ్మల మీద వ్యాసం బాగుంది. కానీ 1823 నాటి షీల్డ్స్ రేవు చిత్రంలో వెన్నెల అందం మాత్రమే చెప్పి వదిలేశారు. కుడివైపు చూడండి. ఎర్రటి కాగడా మంట, ఆ వెలుతురులో ఓడల్లోకి బొగ్గు ఎత్తిపోస్తున్న మనుషులు! వాళ్లు ఇంగ్లండ్‌లోని టైన్ నది మీద పనిచేసిన పడవ కూలీలు, కీల్‌మెన్. ‘కీల్’ అనే పడవల్లో, ఒక్కోదానిలో 20 టన్నులకు పైగా బొగ్గు తెచ్చి, పారలతో ఓడకెక్కించేవాళ్లు. రేవుగట్టు నుంచి బొగ్గు నేరుగా ఓడలోకి జారిపోయే ఏర్పాట్లు రావడంతో వాళ్ల పనికి ఎసరొచ్చింది. ఈ బొమ్మకు ముందు ఏడాదే, 1822లో, వారాల తరబడి సమ్మె చేశారు. అది తెలిశాక నాకు చందమామ కంటే ఆ మంటే కళ్లలో నిలిచిపోయింది. ఇలాంటి చిత్రాలు వేసినప్పుడు దయచేసి ఆ కూలీల గురించీ నాలుగు మాటలు రాయించండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ