ఆ ఫారంలో నీళ్ల గడి లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికా పల్లెల్లో సేవ చేస్తున్న మన తెలుగు మిషనరీల గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మా ఆయన కూడా కళ్లజోడు తెచ్చుకుని, పైకి చదువుతూ ఇంకోసారి చదివారు. మనవాళ్ల గురించి పేపర్లో వచ్చిందంటే సంతోషమే. కానీ ‘చీకటి ఖండం’ అన్న మాట దగ్గర, ఎవరు ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారన్న లెక్క దగ్గర నాకు మనసు చివుక్కుమంది. రెండు రోజులు ఆగి చూశాను, ఆ బాధ పోలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను రిటైరైన నర్సుని. పుట్టింది ఒంగోలు దగ్గర పల్లెలో, పెళ్లయ్యాక పెరంబూరు. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. పిల్లలు స్థిరపడ్డాక 2011లో టాంజానియా వెళ్లాం, 2019 దాకా ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాం. ఆ దేశానికి దక్షిణపు కొసన, మొజాంబిక్ సరిహద్దుకి దగ్గర్లో మకొండే పీఠభూమి ఉంది. దాని మీద ఒక పల్లెలో చర్చివాళ్లు నడిపే చిన్న ఆసుపత్రిలో మా పని. మేం పాస్టర్లం కాదు. నాది కాన్పుల గది. ఆయనవి పంపులు, జనరేటరు, సోలారు బ్యాటరీలు, మోటార్‌సైకిళ్లు.

మిషనరీ దినచర్య ప్రార్థనతో మొదలై ప్రసంగంతో ముగుస్తుందని వ్యాసంలో రాశారు. ప్రార్థనతో మొదలవడం నిజమే. ఆమెన్ అన్న మరుక్షణం మేం చూసేది మాత్రం నీళ్ల డబ్బాలు.

ఆ పీఠభూమి మీద నేలంతా ఇసక. వాన ఎంత పడినా ఇంకిపోతుంది, వాగు అనేది కనపడదు. నీళ్లుండేది కింద లోయలో. అక్కణ్ణుంచి పంపుతో పైకి తోడాలి. పంపు పాడైందా, ఆడవాళ్లు తెల్లారకముందే లోయలోకి దిగుతారు. ఇరవై లీటర్ల పసుపుపచ్చ డబ్బాని అక్కడ డూము అంటారు. దాన్ని నెత్తిన పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, నిండు చూలాలు కూడా ఆ గుట్ట ఎక్కి వస్తుంది. మా వంతుకి రోజుకి నాలుగు డూములు. రెండు కాన్పుల గదికి, ఒకటి పరికరాలు ఉడకబెట్టడానికి, మిగిలిన ఒక్కటి మా ఇద్దరికీ. బియ్యం కడిగిన నీళ్లు తోటకూర మడికి పోసేదాన్ని. నవంబరు వస్తుందంటే మా ఆయన నిచ్చెనేసుకుని ఆసుపత్రి రేకుల కప్పు ఎక్కి, కాలవల్లో పేరుకున్న ఆకులు, బల్లులు, దుమ్ము తీసేవారు. మొదటి వాన తొట్టిలో పడితేనే మాకు జనవరి దాకా ధైర్యం. చెన్నైలో 2019 ఎండాకాలం చెరువులన్నీ ఎండిపోయి లారీ నీళ్ల కోసం బిందెలు వరసలో పెట్టుకున్నప్పుడు, అప్పుడే తిరిగొచ్చిన నాకు ఏ నీళ్లు దేనికి దాచుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తరవాత వ్యాక్సిన్ల ఫ్రిజ్. లోపల 2 డిగ్రీల నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి చార్టులో రాయాలి. ఆ తరవాత జ్వరం పిల్లల వరస. వేలికొస పొడిచి ఒక్క బొట్టు రక్తం టెస్ట్ కిట్ మీద వేసి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగాలి. రెండు గీతలొస్తే మలేరియా. దోమ కడుపులో ఆ మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టులో. ఆ సంగతి నర్సింగ్ స్కూల్లో చదువుకున్నాను గానీ, దాని బరువు ఆ పావుగంటల్లోనే తెలిసింది. మందు రోజుకి రెండు పూటల చొప్పున మూడు రోజులు, మొత్తం ఆరు డోసులు పడాలి. రెండో రోజుకే ఒళ్లు చల్లబడుతుంది. దాంతో తల్లి మిగతా మాత్రలు మడత పెట్టి రేపటి జ్వరానికని దాచుకుంటుంది. అవి దాచొద్దని బతిమాలడమే ఎనిమిదేళ్లలో నేను చేసిన పెద్ద ప్రసంగం.

ఆ మాట నా నోటితో చెబితే వినేవాళ్లు కాదు. నాతో పనిచేసిన అక్కడి నర్సు చెబితే వినేవాళ్లు. ఆమె ఆ ఊరి పిల్ల. ఎవరి అత్త ఎలాంటిదో, ఎవరింట్లో జీడిమామిడి డబ్బులు ఎవరి చేతిలో ఉంటాయో ఆమెకి తెలుసు. ఆ ప్రాంతానికి జీడిపిక్కే ప్రాణం. మన పలాసలో జీడి బట్టీలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్టోబరులో పిక్క రాలడం మొదలయ్యాక గానీ ఆసుపత్రి బాకీలు తీరవు. ఎవరిని అడగాలో, ఎవరిని అడక్కూడదో ఆమే చెప్పేది. మీ వ్యాసంలో మన తెలుగువాళ్ల ఫోటోలు ఆరు ఉన్నాయి. అక్కడి నర్సు గానీ, ఊళ్లో ప్రార్థనలు నడిపే క్యాటకిస్టు గానీ, కాన్పులకి తోడొచ్చే ముసలమ్మ గానీ ఒక్కరూ లేరు. ఉన్నదల్లా ముక్కు కారుతున్న ఒక పసివాడు. ఆ బిడ్డ తల్లిని అడిగి వేశారా ఆ ఫోటో?

ఇంకో మాట. అక్కడికి సువార్తను మనం మోసుకెళ్లలేదు. మా ఊరికి దగ్గరి పట్టణం మసాసీ. అక్కడ 1876లోనే మిషన్ మొదలైంది. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు జాంజిబార్ నుంచి వచ్చి ఆ ఊరు కట్టుకున్నారు. అదే 1876లో మన దేశంలో ధాత కరువు మొదలైంది. 1878లో ఒంగోలులో వేలమంది ఒక్కసారిగా క్రైస్తవులు కావడానికి రెండేళ్ల ముందే మసాసీలో గంట మోగుతోంది. మాకు పాటలు నేర్పింది వాళ్లే. పెద్దవాళ్లు ఎదురైతే ‘షికామో’ అనాలని, అంటే మీ పాదాలు పట్టుకుంటున్నానని చెప్పడమని, పక్కింటి పిల్లాడు నాకు నేర్పాడు. ఆ ఇల్లు ముస్లింలది. మా వీధిలో ఎక్కువ ఇళ్లు వాళ్లవే. రంజాన్ నెలలో సాయంత్రం మా ఇంటికి గిన్నె వచ్చేది, క్రిస్మస్‌కి మా గిన్నె వెళ్లేది.

ఇక అసలు విషయం. నెలనెలా మేం ఒక ఫారం నింపి పంపాలి. మమ్మల్ని పంపిన సంస్థ పేరు ఇక్కడ రాయను, వాళ్లు మంచి మనసుతోనే అడిగేవారు. ఫారంలో గడులు ఇవి: జరిపిన కూటాలు, పంచిన కరపత్రాలు, కొత్తగా వచ్చినవారు, బాప్తిస్మాలు. కింద రెండు గీతల జాగాలో ప్రార్థన అవసరతలు. నీళ్లకి గడి లేదు. ఫ్రిజ్‌కి లేదు. పర్మిట్ కాగితాల కోసం దార్ ఎస్ సలామ్‌కి బస్సులో పోయి వచ్చిన రోజులకి లేదు.

2014 మార్చిలో, వానల్లో, అర్ధరాత్రి ఒక పిల్లని తెచ్చారు. నాలుగేళ్లుంటాయి. దారి బురదయ్యి మోటార్‌సైకిల్ రాలేకపోయింది, తండ్రి వీపున వేసుకుని నడిచాడు. అప్పటికే ఫిట్స్. టెస్ట్ కిట్ మీద రెండో గీత వెంటనే వచ్చేసింది, నేను పావుగంట ఆగనే లేదు. ఇంజెక్షన్ ఇచ్చాం, గ్లూకోజ్ ఎక్కించాం. కోడి కూసే వేళకి పోయింది.

మర్నాడు నేను డ్యూటీకి వెళ్లాను. మా నర్సు నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, పద, అంది. ఆ ఇంటికి తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టింది. చావు జరిగిన ఇంట్లో కూర్చోవడాన్ని వాళ్లు మ్సీబా అంటారు. ఊరి ఆడవాళ్లంతా వస్తారు. కట్టెలు తెచ్చేవాళ్లు కట్టెలు, పిండి తెచ్చేవాళ్లు పిండి. ఎవరూ పెద్దగా మాట్లాడరు. వచ్చినవాళ్లు ‘పోలే’ అంటారు. నీ కష్టం నాకు తెలుస్తోంది అన్నట్టుండే మాట అది, మన భాషలో దానికి ఒక్క మాటగా సాటి నాకు దొరకలేదు. ఆ తల్లి నా మోకాలికి తల ఆనించి పడుకుంది. ఎవరో నా ముందు పచ్చి కందికాయల చేట పెట్టారు. వలుస్తూ కూర్చున్నాను. గోళ్లు పచ్చగా అయ్యాయి. మన ఊళ్లో సంక్రాంతి ముందు కందికాయలు ఉడకేసుకునే వాసన, అదే వాసన. ఆ పిల్లని కాపాడలేకపోయినదాన్ని నేను. నన్ను ఆ ఇంట్లోంచి వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు. మూడు రోజులు వెళ్లాను.

ఆ నెల ఫారంలో నాలుగు గడుల్లోనూ సున్నా రాశాను. జవాబు వచ్చింది: “ఈ నెల సేవ ఏమీ జరగలేదా? దాతలకు ఏం చెప్పమంటారు?” ఆ కాగితం మా ఆయనకి చూపించలేదు. చాలా రోజులు బియ్యం డబ్బాలో దాచాను.

జూలైలో ఒకరోజు, ఇంకా చీకటి ఉండగానే, వాకిట్లోంచి ‘హోడి’ అని వినపడింది. లోపలికి రావచ్చా అని అడిగే పద్ధతి అది. ఆ తల్లే. పెద్దవాడికి రాత్రి నుంచి ఒళ్లు కాలుతోందట. ఆ జ్వరం మొదలై అప్పటికి ఒక్క రాత్రే అయింది. ఆరు డోసులూ తన చేత్తోనే వేసి, ఖాళీ అట్ట తెచ్చి చూపించింది. దీనికీ గడి లేదు.

2017 ఆగస్టులో మన ప్రభుత్వం కందుల దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నులని హద్దు పెట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, ఇక్కడ కందిపప్పు కిలో 200 రూపాయలు దాటిందని మా చెల్లెలు ఫోన్‌లో ఏడుపు గొంతుతో చెప్పింది. ఆ ధర ఆశతోనే అక్కడ చాలామంది రైతులు కందులేశారు. కోత వేళకి కొనేవాడు లేడు. మా గుమ్మం ముందు నిలబడి, “మామా, మీ దేశం మా కందులు ఎందుకు వద్దంటోంది?” అని అడిగారు. మామా అంటే వాళ్ల భాషలో అమ్మా అని. నా దగ్గర జవాబు లేదు. వాళ్లకి నేను ముందు భారతీయురాలిని, తరవాతే నర్సుని. టీ పెట్టి ఇచ్చి, వాళ్లతో అరుగు మీద కూర్చున్నాను.

ఫారం గురించి నేనింత బాధపడటానికి మా నాయనమ్మ కూడా కారణం. ధాత కరువులో ఆవిడ పూర్వీకులు బకింగ్‌హామ్ కాలవ తవ్వినవాళ్లు. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలవలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగా ఉన్నవాళ్లకి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారని మన చర్చిల్లో అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ ముందు, కరువు పని జరిగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చినవాళ్లని ఆ ఆశతో కలపకూడదని ఆపేశారు. ఆ ఏడాది ఆయన్ని మా ఫారం నింపమని ఉంటే సున్నా రాసేవారు. మా నాయనమ్మకి ఆ 2,222 సంగతి తెలియదు. కాలవ గట్టున కూలి చేతికి అందిన సంగతి, గంజి కాచుకున్న సంగతి వాళ్ల అమ్మమ్మ చెబితే విన్నది, అదే మాకు చెప్పింది. ఇప్పుడు సెంట్రల్‌కి వెళ్లే రైలు బేసిన్ బ్రిడ్జి దగ్గర నెమ్మదించినప్పుడల్లా ఆ కాలవ నల్లటి నీళ్లతో కనపడుతుంది. నేను కిటికీ వైపే కూర్చుంటాను.

పంపడం గురించి కూడా చెప్పాలి. పాత చీరలు, గడువు దగ్గరపడ్డ సిరప్పులు పెట్టెల్లో కట్టి పంపకండి. ఒకసారి అలా వచ్చిన పెట్టె విడిపించడానికి మా ఆయన రెండు రోజులు తిరిగి, సుంకం కట్టి తెస్తే, మందులు గడువు దాటి ఉన్నాయి. గొయ్యి తీసి కాల్చాం. ఆ ఖర్చుతో డీజిల్ కొనొచ్చు, టెస్ట్ కిట్లు కొనొచ్చు. అన్నిటికన్నా, అక్కడి నర్సుకి జీతం ఇవ్వొచ్చు. మేం తిరిగొచ్చేశాం, ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది. పిడికెడు బియ్యం పక్కన పెట్టి దేవుడి పనికి ఇచ్చే అలవాటున్న ఆడవాళ్లం మనం. ఆ బియ్యం ఎక్కడికి చేరుతోందో అడిగే హక్కు కూడా మనకుంది.

ఎడిటర్ గారూ, ఇంకోసారి ఇలాంటి వ్యాసం వేస్తే అక్కడివాళ్లలో ఒకరితో మాట్లాడి వేయండి. ఫోన్లు కలుస్తాయి, వాట్సాప్ ఉంది. నేను అక్కడి స్వాహిలీ భాషలోంచి తెలుగు చేసిపెడతాను.

ఈ ఉత్తరం నకలు మా చర్చి కమిటీకి కూడా ఇచ్చాను. వచ్చే నెల మా సంఘం నుంచి ఒక యువ జంట జాంబియా వెళ్తున్నారు, అబ్బాయి ఎలక్ట్రీషియన్. వాళ్లకిచ్చే ఫారంలో బాప్తిస్మాల గడి తీసేసి, ఆ జాగాలో ‘ఈ నెల ఎవరింట్లో కూర్చున్నారు?’ అని పెట్టమని అడిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడదామన్నారు. మా ఆయన కూడా వస్తున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు,
పెరంబూరు, చెన్నై