ఇంకొంచెం వెయ్యనా అని అడగడం మానేసిన మా అత్తయ్యకి, ఇంకా అందరికీ

అందరికీ నమస్కారమండి. ఈ పోస్టు రాద్దాం రాద్దాం అనుకుంటూ నెలలు గడిపేశాను, ఇవాళ ఆదివారం, ఇంట్లో అందరూ పడుకున్నారు, ఇప్పుడు రాయకపోతే ఇంక రాయను.

జనవరి ఆఖర్లో నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు, జీర్ణాశయాన్ని నిలువుగా కోసి ముప్పావు వంతు పైనే తీసేస్తారు, మిగిలింది అరటిపండంత సన్నగా గొట్టంలా ఉంటుంది. అప్పుడు నా బరువు 112 కేజీలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 45. సుగర్ ఉంది, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది, రాత్రి మాస్కు పెట్టుకుని మిషన్ వేసుకుంటే గానీ నిద్ర లేదు, మోకాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇవాళ పొద్దున్న చూసుకుంటే 78 కేజీలు. సర్జన్ గారికి, మత్తు డాక్టరు గారికి, థియేటర్లో ఉన్న అందరికీ రెండు చేతులా దణ్ణం పెడుతున్నా, వాళ్ళు లేకపోతే ఏదీ లేదు. ఆ గంటన్నర వాళ్ళు చూసుకున్నారు, దానికి ముందు మూడు నెలలు, తర్వాత ఈ పదకొండు నెలలు నన్ను చూసుకున్నవాళ్ళు ఇంకొంతమంది ఉన్నారు, వాళ్ళలో చాలామందికి వాళ్ళు చేసింది సాయం అని కూడా తెలీదు. వాళ్ళ కోసమే ఈ పోస్టు.

ముందు మా అత్తయ్య. ఆవిడది విజయనగరం దగ్గర పల్లెటూరు, మనిషి ఇంటికొస్తే ముందు కంచం పెట్టి తర్వాత ఎలా ఉన్నావని అడిగే మనిషి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నేను వద్దన్నా కొసరి కొసరి వడ్డించేది, అది ఆవిడ ప్రేమ, ఆవిడకి ఇంకో రకంగా చూపించడం రాదు. ఆపరేషన్ అనగానే "కత్తి పెట్టించుకునేంత రోగమేటమ్మా నీకు, నాలుగు రోజులు నోరు కట్టుకుంటే సరిపోద్ది కదా" అంది. ఆ నోరు కట్టుకోవడం అనే మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నా, పెళ్ళిళ్ళలో విన్నా, ఒకసారి ఒక క్లినిక్కులో డాక్టరే బయట కూర్చున్న పేషెంట్లందరికీ వినపడేలా అన్నారు, ఆ రోజు ఇంటికొచ్చి బాత్రూములో పంపు తిప్పుకుని ఏడ్చా. నోరు కట్టుకోలేదా నేను? మూడుసార్లు పది పదిహేను కేజీలు తగ్గి మళ్ళీ అంతకి అంతా పెరిగా.

అందుకే డైటీషియన్ అమ్మాయి దగ్గరికి అత్తయ్యని కూడా తీసుకెళ్ళా. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, నాతో రెండు నిమిషాలు మాట్లాడి కుర్చీ మా అత్తయ్య వైపు తిప్పుకుంది. అమ్మా, ఇంట్లో వంట మీదే కదా అని అడిగి, ఆపరేషన్ తర్వాత మీ కోడలి పొట్టలో ఒక చిన్న టీ గ్లాసుకి మించి పట్టదు, ఒక్క ముద్ద ఎక్కువైనా వాంతి అవుతుంది, మొదట్లో లోపల కుట్లు పచ్చిగా ఉంటాయి కాబట్టి వాంతులు అసలు మంచిది కాదు అని బొమ్మ గీసి చూపించింది. మా అత్తయ్య చాలాసేపు ఆ కాగితం వైపే చూసి "అయితే పసిపిల్లకి పెట్టినట్టు పెట్టాలన్నమాట" అంది. సరిగ్గా అదేనమ్మా అంది ఆ అమ్మాయి. ఆ రోజుతో మా ఇంట్లో సగం యుద్ధం అయిపోయింది. తల్లీ, నువ్వు రాసిచ్చిన చార్టులో ఎక్కడా బ్రకోలీ లేదు, అవకాడో లేదు, పెసర కట్టు, వడగట్టిన చారు, మజ్జిగ తేట, పల్చటి రాగి జావ, గుడ్డు తెల్లసొన, ముళ్ళు తీసిన చేప, అన్నీ మా వంటింట్లో ఉన్నవే రాశావు, రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ ఎలా వస్తుందో గరిటెల లెక్కలో రాశావు, అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే అంటించి ఉంది.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అన్నం, పిండి, తీపి అన్నీ బంద్, కొవ్వు పట్టిన లివర్ కాస్త చిన్నదవ్వాలట, అది జీర్ణాశయం మీదకి వాలి ఉంటుంది కాబట్టి పెద్దగా ఉంటే లాప్రోస్కోపీలో, అంటే చిన్న చిల్లుల్లోంచి చేసే ఆపరేషన్‌లో, పక్కకి జరపడం కష్టం. ఆ రెండు వారాలు సరిగ్గా సంక్రాంతికి పడ్డాయి. భోగి ముందు రోజు పొద్దున్న లేచేసరికి అత్తయ్య ఇంట్లో లేదు. పిండి, బెల్లం, నెయ్యి, మూకుడు అన్నీ మోసుకుని కింద వాటా ఆంటీ ఇంటికెళ్ళి అక్కడ అరిసెలు వండుతోంది, ఆ వాసన నాకు రాకూడదని. డెబ్బై ఏళ్ళ మనిషి మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కుతూ దిగుతూ. ఆంటీ, మీరు తలుపులు కిటికీలు మూసుకుని ఆ పొగలో కూర్చున్నారని తర్వాత తెలిసింది, మీకు కూడా థాంక్స్.

హాస్పిటల్లో వార్డు ఆయమ్మని మర్చిపోను. ఆపరేషన్ అయిన సాయంత్రమే కాళ్ళకి బిగుతు మేజోళ్ళు వేసి లేపి నడిపిస్తారు, కాళ్ళలో రక్తం గడ్డ కట్టకూడదని. నాకు భయం, నొప్పి, లేవనని మొండికేశా. "లెగమ్మా, నాలుగడుగులు ఎయ్యి, నానున్నాను కదా" అని నా చెయ్యి తన భుజం మీద వేసుకుని కారిడార్ చివరి దాకా తీసుకెళ్ళింది, పొట్ట మీద అయిదు చిన్న చిన్న చిల్లులు, ఒక చేత్తో సెలైన్ స్టాండు, ఇంకో చెయ్యి ఆవిడ భుజం మీద. రాత్రికి మళ్ళీ వచ్చి మళ్ళీ నడిపించింది, నేను అడగలేదు.

ఇంటికొచ్చాక ప్రతి పావుగంటకీ 30 ఎంఎల్ తాగాలి. హాస్పిటల్ వాళ్ళు ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు, మందు సీసా మూతలాంటిది. అత్తయ్య బీరువా తీసి మా అబ్బాయి పసితనంలోది వెండి ఉగ్గుగిన్నె తీసింది, చింతపండు పెట్టి తోమింది, ప్లాస్టిక్ కప్పుతో నీళ్ళు కొలిచి అందులో పోసి చూసింది, సరిపోయింది. రెండు వారాలు ఆ ఉగ్గుగిన్నెతోనే పెసర కట్టు, చారు. గుక్క గుక్కకీ మధ్యలో గిన్నె కింద పెట్టేసి నా మొహం వైపు చూసేది. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో కొంతమందికి పొట్ట నిండినట్టు మామూలుగా తెలీదు, ఎక్కిళ్ళు వస్తాయి లేదా ముక్కు కారుతుంది, నాకు ముక్కు. నా ముక్కు కారకముందే ఆవిడ కనిపెట్టి గిన్నె తీసేసేది. ఇన్నేళ్ళు ఇంకొంచెం వెయ్యనా అని అడిగిన మనిషి, ఇప్పుడు "చాలా అమ్మా" అని అడుగుతుంది. అత్తయ్యా, ఆ మాట మార్చుకోవడానికి మీకెంత కష్టమైందో నాకు తెలుసు.

ఇన్సూరెన్స్ డెస్కులో అమ్మాయికి కూడా చెప్పాలి. క్యాష్‌లెస్ మొదట రిజెక్ట్ అయింది, లావు తగ్గడానికి చేసేవి కవర్ కావు అని ఒక్క లైను. మావారు డబ్బులు ఎక్కడ తేవాలా అని తల పట్టుకుంటే ఆ అమ్మాయే పాలసీ కాగితాలు తిరగేసి, బీఎంఐ 40 దాటితే కవర్ అవుతుంది, 35 దాటి పెద్ద జబ్బులున్నా అవుతుంది అని ఉన్న పేజీ చూపించి, డైట్, మందులు అన్నీ ప్రయత్నించి కుదరలేదని డాక్టరు గారి లెటరు, నిద్ర పరీక్ష రిపోర్టు కలిపి మళ్ళీ పంపించింది. అయింది. ఎవరైనా తిరస్కరించారని వదిలేసుకుంటే ఒక్కసారి మీ పాలసీలో మినహాయింపుల పేజీ పూర్తిగా చదవండి ప్లీజ్.

ఇంక మా ఫోను అక్క. డైటీషియన్ గది బయట బెంచీ మీద పరిచయమైంది, ఆవిడకి నాలుగేళ్ళ క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, గుండెది కాదు, అదీ బరువు తగ్గే ఆపరేషనే, ఇంకో రకం. నంబరు ఇచ్చి ఎప్పుడైనా చెయ్యి అంది, మామూలుగా అంటారు కదా అనుకున్నా. తొమ్మిదో రోజు నాకు లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, నీరసమేలే అని మంచం మీదే ఉన్నా. ఆవిడే ఫోను చేసి ఎలా ఉన్నావ్ అని అడిగి, ఒంటేలు ఏ రంగులో వస్తోంది అని అడిగింది. ముదురు పసుపు అని చెప్పగానే ఇప్పుడే హాస్పిటల్‌కి బయల్దేరు అని గట్టిగా అంది. నీళ్ళు తక్కువైపోయాయి, రెండు సెలైన్లు ఎక్కించారు, ఈ ఆపరేషన్ తర్వాత మళ్ళీ హాస్పిటల్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది దీనికే వస్తారట. జ్వరం వచ్చినా, గుండె దడగా కొట్టుకున్నా, కడుపులో నొప్పి పెరిగినా కూడా ఆగొద్దు, లోపల లీక్ అయి ఉండొచ్చు అని అప్పుడే చెప్పారు. మూడో వారంలో బరువు కదలకుండా ఆగిపోతుంది భయపడకు అని ముందే చెప్పింది అక్క, ఆగిపోయింది. మూడో నెలలో జుట్టు ఊడుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది అని చెప్పింది, దువ్వెన నిండా వచ్చిన రోజు ఆవిడకే చేసి ఏడ్చా, ఏడవనిచ్చింది. ఇప్పుడు కొత్త జుట్టు వేలెడంత వచ్చింది అక్కా, నుదుటి దగ్గర నిలబడే ఉంటుంది.

ఆకలి గురించి ఒక మాట. కోసి తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువ తయారవుతుందట, అందుకే మొదట్లో చాలామందికి ఆకలి పెద్దగా వెయ్యదు. మనసుకి మాత్రం వేస్తుంది. సాయంత్రం అయిదింటికి మా విశాఖ బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి మీద ఉల్లిపాయలు, నిమ్మకాయ వాసన వచ్చిందంటే కాళ్ళు ఆగిపోయేవి. ఆపరేషన్‌కి ముందు సైకాలజిస్టు మేడం నీకు ఆకలేసినప్పుడు తింటావా, బాధేసినప్పుడు తింటావా అని అడిగితే నాకు చిరాకేసింది, అసలు ఈవిడెందుకు అనుకున్నా. మేడం, మీ ప్రశ్న నాకు అయిదో నెలలో అర్థమైంది, అప్పట్నుంచి నెలకోసారి మీ దగ్గరికి వస్తూనే ఉన్నా కదా.

పొద్దున్న పూట బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే టైములో నాతో నడిచే వాల్తేరు ఆడవాళ్ళందరికీ థాంక్స్. మొదటి రోజు, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి రెండు లైటు స్తంభాలు దాటి కూర్చుండిపోయా. మీరెవరూ ఏం మాట్లాడకుండా పక్కనే కూర్చున్నారు. ఇప్పుడు వుడా పార్కు దాకా వెళ్ళి వస్తున్నాం. మా వీధిలోకి వచ్చే చేపలమ్మకి, వంజరం ముక్కలో ముల్లు ఒక్కటి లేకుండా తీసి నా కోసం విడిగా ఆకులో కట్టి ఇచ్చినందుకు. మోకాలి నొప్పికి ఎప్పుడూ కొనే బిళ్ళ అడిగితే, అమ్మా మీకు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వద్దన్నారు కదా, మీరే చెప్పారు అని గుర్తు చేసి ఇవ్వను అన్న మెడికల్ షాపు బాబుకి. ఒకే జాకెట్టు నాలుగుసార్లు విప్పి లోపలికి కుట్టిన టైలరు గారికి. మా అబ్బాయికి, వాడు నా ఫోన్లో ఐరన్‌కి ఒక అలారం, క్యాల్షియంకి రెండు గంటల తేడాలో ఇంకో అలారం పెట్టాడు, బీ12, ఐరన్, క్యాల్షియం ఇవన్నీ జీవితాంతం వేసుకోవాలి, బరువు తగ్గిపోయింది కదా అని మానేసినవాళ్ళు కాళ్ళు చేతులు తిమ్మిర్లెక్కి ఇబ్బంది పడతారని చెప్పారు. మావారికి ఇక్కడ రాయను, ఇంట్లో చెప్పుకుంటా.

ఆఖరుగా మా స్కూల్లో ఆరో క్లాసు టీచరు, నా స్నేహితురాలు. నేను సెలవులో ఉన్న అయిదు వారాలు నా క్లాసులు తనే తీసుకుంది, తింటూ నీళ్ళు తాగకూడదు కాబట్టి లంచ్‌లో నేను తినడం మొదలెట్టగానే నా నీళ్ళ బాటిల్ తన బల్ల మీద పెట్టుకుని, తిన్న అరగంట తర్వాత గానీ ఇచ్చేది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు. ప్రతి సంవత్సరం పిల్లల్ని కురుసుర సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్తాం. లోపల ఇరుకు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారంలోంచి వంగి దాటాలి. నేను ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు, పిల్లల బ్యాగులు కాపలా కాస్తానని బయటే ఉండిపోయేదాన్ని. తను కూడా ఉండిపోయేది, లోపల నాకు ఊపిరాడదే, తలనొప్పి వస్తుంది అనేది, ఇద్దరం బయట సముద్రం చూస్తూ కూర్చునేవాళ్ళం, ఆరేళ్ళు అలాగే. మొన్న నవంబరులో నేను లోపలికి వస్తాను అన్నా. మొదటి ద్వారం దగ్గర ఆగిపోయా, అలవాటు, పట్టననే అనిపించింది, వెనకాల ఒక పాప టీచర్ వెళ్ళండి అంటోంది. చున్నీ నడుముకి చుట్టుకుని తల వంచి ఒక కాలు వేశా, భుజం తగల్లేదు, పక్కటెముక తగల్లేదు, అటు పక్కకి వచ్చేశా. తను నా ముందే ఉంది. ఒక్కో గదీ చకచకా దాటుతూ పిల్లలకి ఇది పెరిస్కోపు, ఇక్కడ పడుకునేవాళ్ళు, ఇది వంటగది అని చెప్పుకుంటూ వెళ్ళిపోతోంది, ఊపిరాడకపోవడం లేదు, తలనొప్పి లేదు. బయటికొచ్చాక అడిగితే, ఇంకేం మాట్లాడకుండా పిల్లల్ని లెక్కపెట్టడం మొదలెట్టింది.

ఆరేళ్ళు నా కోసమే బయట కూర్చున్నావని నాకు ఆ రోజే తెలిసింది. థాంక్స్ రా.