చికిత్స ముగిశాక ఎదురయ్యే వీధి సంగతి

సంపాదకుడు గారికి,

మద్యం మాన్పించే కేంద్రాలను పెంచాలని కోరుతూ మీ పత్రికలో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. కేంద్రాలు కావలసిందే. మద్యానికి బానిసలైన వారిలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నారని 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది. అయితే ఆ ఒక్కరైనా డిశ్చార్జి అయ్యాక ఏ వీధి గుండా ఇల్లు చేరాలన్నది ఈ చర్చలో ఎక్కడా కనిపించడం లేదు.

మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాలు ఇక్కడ గుర్తు చేసుకోదగినవి. మొదట్లో పళ్లరసం నాలుకకు తగిలినప్పుడు స్పందించిన, డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మెదడు కణాలు, రసానికి ముందు వెలుగు వంటి ఒక సూచన వస్తుందని కోతి నేర్చుకున్న తరువాత, ఆ సూచనకే స్పందించసాగాయి. వ్యసనంలోనూ ఇదే జరుగుతుంది. సీసా, వాసన, పాత స్నేహితుడి పిలుపు కంటబడగానే, చెవినబడగానే, ఏది ముఖ్యమో నిర్ణయించే వలయం, అంటే మెదడు లోపలి మడతల్లోని ఇన్సులా అనే భాగం, దానితో కలిసి పనిచేసే సింగ్యులేట్ అనే మరో భాగం, మిగతా ఆలోచనలన్నిటినీ పక్కకు నెట్టి దృష్టిని అటే తిప్పుతాయి. ఆగమని చెప్పవలసిన నుదుటి వెనుక భాగం, ముఖ్యంగా అలసటలోనో దిగులులోనో ఉన్నప్పుడు, వెనుకబడుతుంది. పక్షవాతం వంటి కారణాలతో ఇన్సులా దెబ్బతిన్న పొగరాయుళ్లలో కొందరు పెద్ద ప్రయాస లేకుండానే సిగరెట్ మానేశారని, తాగాలన్న యావ కూడా వారికి మళ్లీ కలగలేదని 2007లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. మెదడులో వేర్వేరు చోట్ల దెబ్బతిని వ్యసనం వదిలిన వారిని పోల్చి చూసిన 2022 నాటి అధ్యయనం, ఆ చోట్లన్నీ ఒకే వలయంతో ముడిపడి ఉన్నాయని చూపింది.

ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో ఒక రోగి నాతో అన్న మాట ఇది: "సిస్టరమ్మా, ఇన్నాళ్లు దాని ఊసే లేదు. బస్టాండు కాడ గ్లాసుల సోడా పోసిన సప్పుడు ఇనంగనే నోరూరింది." ఆయన చేతిలో మా మందుల చీటీ ఉంది. మద్యం దుకాణం పక్కనే, కొన్నది అక్కడే కూర్చుని తాగే పర్మిట్ రూమ్, దాని ముందు మిరపకాయ బజ్జీల బండి, ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు: ఆయన మెదడు ఏళ్ల తరబడి నేర్చుకున్న సూచనలన్నీ పది అడుగుల్లో పేర్చి ఉన్నాయి.

కుటుంబాలకు తెలియవలసిన మరొక విషయం ఉంది. మత్తుమందు ఆపిన తొలిరోజుల కన్నా, కొన్ని వారాలు గడిచాక సూచనలకు స్పందన మరింత పెరుగుతుందని 2001లో ఎలుకలపై జరిగిన అధ్యయనం కనుగొంది; మనుషుల్లోనూ అటువంటి ధోరణి తరువాత కనిపించింది. "నెల దాటింది, ఇక గండం గడిచింది" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయమూ, రోగి బలహీనపడే సమయమూ ఒకటే అవుతున్నాయన్నమాట. తిరిగి తాగినవాణ్ణి "బుద్ధి లేదు" అని తిట్టడంతో సరిపెట్టేవారు ఈ సంగతి గమనించాలి. అలాగని మెదడు మీద నెపం వేసి తప్పించుకోవడానికీ ఇందులో చోటు లేదు. స్పందన పుట్టడం మనిషి చేతిలో లేకపోవచ్చు గాని, దారి మార్చి నడవడం, తోడు పిలుచుకోవడం నేర్పగలిగినవే, నేర్చుకోగలిగినవే.

ఆ దారి మార్చుకునే అవకాశమైనా మిగల్చవలసింది ప్రభుత్వాలే. ఆసుపత్రుల, బస్టాండ్ల దరిదాపుల్లో పర్మిట్ రూమ్‌లకు అనుమతి ఇవ్వకూడదు. ఊరూరా ఉన్న బెల్టు షాపులపై దాడులు ఎన్నికల ముందు మాత్రమే గుర్తుకు రాకూడదు. సోడా పేరుతో, యాలకుల పేరుతో మద్యం, పొగాకు బ్రాండ్లను చూపించే చాటు ప్రకటనలను 2022 జూన్‌లో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు నిషేధించాయి. క్రికెట్ చూస్తూ కూర్చున్న ఏ ఇంట్లోనైనా అవి ఎంతవరకు అమలవుతున్నాయో తెలుస్తుంది. కేంద్రాలకు నిధులు ఇచ్చేటప్పుడు ఎందరిని చేర్చుకున్నారన్న లెక్కతో పాటు, ఇంటికి పంపినవారిని మూడు నెలల పాటు ఫోనులోనైనా పలకరించారా అన్నదీ అడగాలి. డిశ్చార్జి చీటీ మీద జాతీయ హెల్ప్‌లైన్ 14446 పెద్ద అక్షరాల్లో అచ్చువేయించడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

— విశ్రాంత స్టాఫ్ నర్సు, ఖమ్మం